రెండు చూపించి ఆగడం

కోటబొమ్మాళి దగ్గర మన ఊరు,
11 జూన్ 2025

పద్మప్పకు,

అమ్మ సంవత్సరీకం అయి నువ్వు వెళ్లాక ఫోన్‌లో మనిద్దరం అరుచుకున్నప్పుడు నువ్వే అన్నావు, ఇకమీద నాతో ఏదైనా చెప్పాలంటే ఉత్తరం రాయి, ఉత్తరంలో అయితే ఎవరూ మధ్యలో అడ్డుపడలేరు అని. హెడ్మిస్ట్రెస్‌గారి ఆర్డరు కదా, రాస్తున్నాను. ఇంటర్ తప్పినవాడి రాత, ఎర్ర పెన్ను పక్కన పెట్టి చదువు.

మొన్న మన సోములు బొటనవేలికి నీలం సిరా అంటించుకుని ఇంటికొచ్చాడు. ఎడమచేతి వేలు. నేను చూడలేదు, అన్నం పెడుతూ నీ మరదలు ఈశ్వరి చూసింది. "ఇదేటిది సోములూ, ఏలికి సిరా?" అంటే, "ఐసు ఇచ్చినాడు. ఆటో ఎక్కించినాడు," అన్నాడు. గీతల చొక్కా కొత్తది వేసుకుని ఉన్నాడు. ఆ చొక్కా మనం కొన్నది కాదు.

విషయం నీకు అర్థమయ్యే ఉంటుంది. భావనపాడు వైపు అమ్మ వాడి పేరున రాసిన జీడితోట ఉంది కదా. దాన్ని అమ్మమని ఒక బ్రోకరు నా చుట్టూ రెండు నెలలు తిరిగాడు. నేను కుదరదన్నాను. ఇప్పుడు నన్ను వదిలేసి వాణ్ణి పట్టుకున్నాడు. ఏ కాగితం మీద వేలు వేయించాడో తెలియదు. అడగడానికి వెళ్తే, "మీ తమ్ముడికి నలభై ఆరేళ్లు. మేజరు. మధ్యలో నువ్వెవరు?" అన్నాడు. అమ్మ ఉన్నంతకాలం అమ్మే చూసుకుంది, మనం అడగలేదు.

ఇంటికొచ్చి ఆ కోపం సోములు మీద చూపించాను. పెద్దగా అరిచాను. అప్పటినుంచి వాడు ఎడమ బొటనవేలు పిడికిట్లో దాచుకుని తిరుగుతున్నాడు. పడుకున్నప్పుడు కూడా విప్పడం లేదు. నాకు సిగ్గుగా ఉంది.

ఏమి చెయ్యాలో చెప్పు. ఆకుమడి పోశాను, వాన జాడ లేదు. గేదె ఈనింది, పెయ్యదూడ. ఈ ఉత్తరం సోములే స్టేషను దగ్గర డబ్బాలో వేస్తాడు. వేశాక డబ్బాని రెండుసార్లు తడతాడు, నువ్వు లోపలే ఉన్నావనుకుంటాడేమో.

నీ తమ్ముడు,
త్రినాథ్


శ్రీకాకుళం,
19 జూన్ 2025

ఒరే త్రినాథ్,

ఎర్ర పెన్ను తియ్యలేదు. తీసినా ఏడుపుతో దిద్దలేకపోయేదాన్ని.

మా వీధిలోని లాయరు నారాయణమూర్తిగారిని అడిగాను. బుద్ధి ఎదగని మనిషికి పద్దెనిమిది నిండాక అన్నయినా అక్కయినా చట్టం దృష్టిలో బయటివాళ్లే అట. నలభై ఆరేళ్లుగా వాడికి మనమే దిక్కనుకుంటున్నాం, కాగితం మీద వాడు ఒంటరివాడు. జిల్లా కమిటీ వాళ్లకు దరఖాస్తు పెట్టుకుంటే మనలో ఒకరిని సంరక్షకులుగా నియమిస్తారు. ఆ పత్రం ఉంటే బ్రోకరు కాగితాన్ని నిలదీయవచ్చు. లేకపోతే ఇవాళ జీడితోట, రేపు ఇంకేదో. దానికి ముందు సదరం క్యాంపులో డాక్టర్లు చూసి వైకల్యం సర్టిఫికెట్ ఇవ్వాలి. అమ్మ ఎందుకు ఇన్నాళ్లూ తీసుకోలేదో నీకు తెలుసు. "నా కొడుక్కి ముద్ర ఎందుకు?" అనేది.

సంరక్షకురాలిగా నేనే ఉంటాను. ఆఫీసులు తిరగడం, ఇంగ్లీషు కాగితాలు చదవడం నీవల్ల కాదు. వాణ్ణి నెల రోజులు నా దగ్గరకు పంపు, క్యాంపుకు సిద్ధం చేస్తాను.

ఇంకొక మాట. రాయకూడదనుకున్నాను కానీ ఉత్తరంలో ఎవరూ అడ్డుపడరు కదా. సంవత్సరీకం నాడు ఈశ్వరి సోములు ముందు రెండు గిన్నెలు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. ఒకదాంట్లో పప్పు, ఒకదాంట్లో చేపల పులుసు. వాడు ఇటు చూస్తాడు, అటు చూస్తాడు. పది నిమిషాలు. ఆకలిగా ఉన్నవాడితో ఆ ఆటలేమిటి? వడ్డిస్తే తింటాడు కదా. ఇరవై రెండేళ్లుగా మనింట్లో ఉన్న మనిషి అలా చేస్తుందనుకోలేదు. ఇలాంటివి చూశాకే వాడు నా దగ్గర ఉంటే మంచిదనిపిస్తోంది.

దూడకు పేరు పెట్టారా?

పద్మకుమారి, హెడ్మిస్ట్రెస్
(అలవాటుగా రాసేశాను. రిటైరయి నాలుగేళ్లు. కొట్టెయ్యి.)


మన ఊరు,
14 జూలై 2025

అప్పా,

సోములు నీ దగ్గరకొచ్చి రెండు వారాలయింది. ఇల్లు ఖాళీగా ఉంది. ఉత్తరం డబ్బాలో నేనే వేస్తున్నాను, తట్టాలని కూడా తోచడం లేదు.

సూటిగా అడుగుతాను. మన పిన్ని కూతురు ఝాన్సీ మొన్న విజయనగరంలో నిన్ను చూసిందట. ఇలాంటివాళ్లను ఉంచే వసతి గృహం గేటులోంచి వస్తున్నావట, చేతిలో కాగితాలతో. గదులు కూడా చూశావని వాచ్‌మన్ చెప్పాడట. వాణ్ణి అక్కడ వదలడానికేనా సంరక్షకురాలివి కావాలనుకున్నది? క్యాంపుకు సిద్ధం చెయ్యడమంటే ఇదా? నీకు బరువైతే చెప్పు. నాకు వాడు ఏనాడూ బరువు కాలేదు. రేపే వచ్చి తీసుకుపోతాను.

ఈశ్వరికి చదివి వినిపిస్తే, "ఒదిన అలగ సేయదు. ముందు కనుక్కో. ఈ కాయితం సింపీ," అంది. నేను చింపలేదు, పోస్టు చేస్తున్నాను. నీకు కోపం వస్తే రానీ.

నీ గిన్నెల మాట కూడా దానికి చదివి వినిపించాను. చేట కింద పెట్టి, నా నోటు పుస్తకంలోంచి కాగితం చింపి, పెన్ను పట్టుకుని అరగంట కూర్చుంది. ఐదో తరగతి తర్వాత అది రాయడం ఇదే మొదలు. ఆ చీటీ ఈ కవర్లోనే పెట్టాను.

వాన పడింది. ఆకు తీసి నాటాలి, ఉభాలు మొదలుపెట్టాలి. ఇంట్లో గోంగూర చేయడం మానేసింది, సోములు లేకుండా అది తినబుద్ధి కాదట.

త్రినాథ్

(చీటీ)
"ఒదినా, సోములుకి ఏదైనా రెండు సూపించండి. సూపించి ఆగండి. ఆడు ముట్టుకున్నదే ఆడిది. సాలాసేపు పడతాది. మీరు ముందే సెప్పీకండి. ఈశ్వరి."


శ్రీకాకుళం,
1 ఆగస్టు 2025

త్రినాథ్‌కి,

నీ ఉత్తరానికి ఆ రోజే జవాబు రాశాను. నాలుగు పేజీలు. పోస్టు చేయలేదు. అందులో జీడితోట నీ ఒక్కడికే కావాలేమో, అందుకే నేను సంరక్షకురాలినైతే నీకు నొప్పి అని ఒక వాక్యం ఉంది. నా మరదలి సలహా నాకు రాసింది నువ్వే కదా, ఆ కాగితం చింపేశాను. చింపానని మాత్రం చెప్పాలనిపించింది. మనిద్దరం ఒకే తల్లి పిల్లలమని దాన్ని చూస్తే తెలిసిపోతుంది.

విజయనగరం వెళ్లింది నిజం. ఆ గృహం నడిపే ఆయనకు ఈ కాగితాలన్నీ తెలుసని లాయరుగారు చెబితే ఫారం కోసం వెళ్లాను. గదులు ఆయనే చూపించాడు, వద్దనడం మర్యాద కాదని చూశాను. అక్కడ మంచి మంచాలున్నాయి. వాటి మీద మన సోములును ఊహించుకోలేక బస్సెక్కేశాను.

ఇక వాడి సంగతి. రెండు వారాలకు పైగా పెట్టింది తిన్నాడు, వేసింది తొడుక్కున్నాడు, మాట్లాడలేదు. క్రమశిక్షణ వచ్చిందని నేను సంతోషించాను, ముప్పై నాలుగేళ్ల పంతులమ్మను కదా. తర్వాత ఈశ్వరి చీటీ వచ్చింది. సరే చూద్దామని రెండు చొక్కాలు మంచం మీద పెట్టాను. నేను కొన్న తెల్లది, వాడి పాతది, జేబు చిరిగింది. ఆగాను. ఆగడం ఎంత కష్టమో నీకు తెలుసా? రెండుసార్లు నా నోట్లోంచి "తెల్లది బాగుంటుంది నాన్నా" అన్న మాట వచ్చేసేది, చెంగు నోట్లో పెట్టుకున్నాను. గోడ గడియారంలో ఇరవై ఐదు నిమిషాలు. పాతది ముట్టుకున్నాడు. ముట్టుకుని నా వంక చూశాడు, నేను ఒప్పుకుంటానో లేదోనని. ఒప్పుకున్నాను. నవ్వాడు.

మర్నాడు టీ గ్లాసు, గంజి గ్లాసు పెట్టాను. గంజి ముట్టుకున్నాడు. మూడు రోజులూ గంజే. నలభై ఏళ్లుగా అమ్మా, నువ్వూ, నేనూ వాడికి టీ ఇస్తున్నాం. వాడికి టీ ఇష్టం లేదు త్రినాథ్. మన ముగ్గురిలో ఒక్కరమూ అడగలేదు. ఈశ్వరిని అడుగు, దానికి తెలిసే ఉంటుంది.

అడిగి నేను రాసిన గిన్నెల మాటకు క్షమించమని కూడా చెప్పు. నేను ఆట అనుకున్నది, బీఈడీలో నాకెవరూ నేర్పని పాఠం.

క్యాంపులో జరిగింది విను, నవ్వుకో. నెల రోజులు వాడికి నేర్పాను. పేరు, ఊరు, మండలం, జిల్లా, ఈ రోజు ఏ వారం. పరీక్షకు పంపే పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాను. డాక్టరుగారు వరుసగా అడిగినంతసేపూ గడగడా చెప్పాడు. నాకు గుండె పొంగింది. ఆయన కాగితం మీదనుంచి తలెత్తి, వరుస మార్చి, "మీ ఊరేది?" అన్నారు. "సోములు," అన్నాడు. "నీ పేరు?" "కోటబొమ్మాళి." "ఏం తిన్నావు?" "శ్రీకాకుళం." డాక్టరుగారు నా వంక తిరిగి, "మీరు టీచరా అమ్మా?" అన్నారు. పెద్దమనిషి, కోప్పడలేదు. "ఈయన ఎలా ఉన్నారో అలా చూపించండి. మీరు చెప్పించినవి వింటే నాకు ఈయన కనబడరు. వచ్చే క్యాంపుకు రండి," అని పంపేశారు.

బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆ ఒక్క పరీక్షలో తప్పితేనే వాడికి మేలు. దాంట్లో కూడా వాణ్ణి పాస్ చేయించాలని చూశాను. వాడు ఎలా ఉన్నాడో అలా నలుగురికీ చూపించడానికి నాకు సిగ్గు. అమ్మ ముద్ర వద్దన్నదీ అందుకే. మన ఇంట్లో ఆ సిగ్గు లేనిది ఈశ్వరి ఒక్కతే.

సంరక్షకురాలిగా నేను వద్దు. ఈశ్వరి పేరు పెడదాం. ఆదివారం వచ్చి సోములును తీసుకెళ్లు. పిడికిలి ఇంకా విప్పలేదు.

పద్మప్ప


మన ఊరు,
25 సెప్టెంబరు 2025

అప్పా,

"నేను వద్దు" అని నువ్వు రాస్తే అలిగావనుకున్నాను. అందుకే దాదాపు రెండు నెలలు నోరెత్తలేదు. ఝాన్సీ మాట విని రాసినదానికి నన్ను క్షమించు. ఆదివారం నీ ఇంటి గుమ్మంలో ఆ మాట చెప్పాలనే అనుకున్నాను, నువ్వు పనసపొట్టు కూర వడ్డించేసరికి తినడంలో పడిపోయాను.

రెండో క్యాంపుకు ఈశ్వరి తీసుకెళ్లింది. నేను వరండాలో ఉన్నాను. లోపల ఏమీ చెప్పించలేదట. డాక్టరుగారు ప్రశ్న వేస్తే సోములు ఈశ్వరి వంక చూశాడట, అది కిటికీ వంక చూసిందట. తెలిసింది చెప్పాడు, తెలియనిదానికి ఊరుకున్నాడు. సర్టిఫికెట్ ఇచ్చారు.

టీ సంగతి అడిగాను. "పెళ్లయిన కొత్తల్లోనే తెలిసినాది. మీ అమ్మగారు కలిపి ఇచ్చీవోరు, ఆవిడ ఎల్లగానే నాను తాగీదాన్ని, ఆడికి గంజి ఇచ్చీదాన్ని," అంది. ఇరవై రెండేళ్లు అది సోములు టీ తాగింది, అప్పా. దానికి టీ ఇష్టమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈశ్వరి పేరు అన్నావు. మొదట నాకు నచ్చలేదని ఒప్పుకుంటున్నాను. నేనుండగా దాని పేరేమిటి, ఊళ్లో ఏమంటారు, ఆఫీసరు ఇంగ్లీషులో అడిగితే ఏం చెబుతుంది అని నాలుగు రోజులు గింజుకున్నాను. తర్వాత పొలం గట్టు మీద కూర్చుని ఆలోచిస్తే, సోములుకు ఏ చెవి నొప్పి పెడుతుందో కూడా దాన్ని అడిగే చెబుతానని గుర్తొచ్చింది. నువ్వు నింపిన ఫారాల మీద నేను సంతకం పెట్టాను. నువ్వూ పెట్టి లాయరుగారికి ఇచ్చెయ్యి. కమిటీ ముందుకు మనమందరం వెళ్దాం.

ఉభాలు అయిపోయాయి. చేను పచ్చగా ఉంది. దూడకు సోములే పేరు పెట్టాడు, పద్మ అని. నవ్వకు.

త్రినాథ్


మన ఊరు,
5 డిసెంబరు 2025

అప్పా,

కంటి ఆపరేషన్ కట్టు విప్పారని విన్నాను. ఈ ఉత్తరం ఎవరిచేతా చదివించుకోకు, నీ కళ్లతో నువ్వే చదవగలిగేదాకా దాచు.

నువ్వు రాలేకపోయావు కాబట్టి నిన్న కమిటీ ముందు మేము ముగ్గురమే కూర్చున్నాం. అటు ఒక అధికారి మేడమ్, స్వచ్ఛంద సంస్థ ఆయన ఒకరు, చక్రాల కుర్చీలో ఇంకొకాయన. మేడమ్ ఈశ్వరిని, "ఆయన తరపున నిర్ణయాలు ఎలా తీసుకుంటారమ్మా?" అని అడిగారు. "నాను తీసుకోనండి. రెండు సూపిత్తాను. ఆడు ముట్టుకుంటాడు," అంది. "ముట్టుకోకపోతే?" "ఆగుతానండి." "రెండూ ఆయనకు చెరుపు చేసేవైతే?" "అలాటివి సూపించనండి. అది నా పని." మేడమ్ పెన్ను తీసి ఆ మాట రాసుకున్నారు. నా పెళ్లాం మాటను ఒక ఆఫీసరు రాసుకోవడం చూసి నా ఛాతీ ఎంత వెడల్పయిందో నీకు చెప్పలేను.

అప్పుడు చక్రాల కుర్చీలో ఆయన మన కాగితాలు తిరగేసి, "వాళ్లిద్దరూ మీ పేరు రాశారు, సంతకాలు చేశారు. మీకు ఇష్టమేనా అమ్మా? బతికినంతకాలం పని ఇది," అన్నారు.

ఈశ్వరి ఒడిలోని గుడ్డసంచి వంక చూసింది.

నేను "ఇష్టమే సార్" అనబోయాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపారు. అప్పుడు తట్టింది. నువ్వు రాశావు, నేను సంతకం పెట్టాను, లాయరుగారు దాఖలు చేశారు. ఈశ్వరిని ఎవరం అడగలేదు. ఇరవై రెండేళ్ల కింద అమ్మ సోములును దాని పక్కన కూర్చోబెట్టి "వీణ్ణి చూసుకో" అన్నప్పుడూ అడగలేదు.

సోములు లేచాడు. బల్ల మీది మన దరఖాస్తు తీశాడు. ఈశ్వరి ఒడిలోంచి దాని గుడ్డసంచి తీశాడు, ఊరినుంచి తెచ్చుకున్న సంచి, నీళ్ల సీసా, తువ్వాలు ఉన్నది. రెండూ దాని ముందు పక్కపక్కన పెట్టాడు. ఒక అడుగు వెనక్కి వేసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈశ్వరి గిన్నెలు పెట్టి ఎలా నిలబడుతుందో అచ్చంగా అలాగే.

ఎవరూ కదల్లేదు. ఈశ్వరి సంచి వంకే చూస్తోంది. నాకు భయం వేసింది అప్పా. అది సంచి ముట్టుకుని వెళ్లిపోతానంటే నేను ఏమీ అనలేను, అనే హక్కు నాకు లేదు. అంతసేపు నా భార్య ముఖం నేను ఎప్పుడూ చూడలేదేమో.

దరఖాస్తు మీద చెయ్యి పెట్టింది.

"ఒదిన ముట్టుకున్నాది," అని సోములు అందరికీ చెప్పాడు. చెప్పి, ఎడమ పిడికిలి విప్పి, బొటనవేలు మేడమ్ ముందుకు చాచాడు. ఆరు నెలల తర్వాత. మేడమ్, "మీ వేలిముద్ర ఇప్పుడు అక్కర్లేదు సోములుగారూ," అన్నారు. గారు అన్నారు.

పత్రం పది రోజుల్లో వస్తుందట. లాయరుగారి నోటీసు అందగానే బ్రోకరు, ఆ కాగితం వెనక్కి ఇచ్చేస్తానని మనిషిచేత కబురు పెట్టాడు. గీతల చొక్కా వాడికే పంపించేశాం. సోములు ముందు రెండు చొక్కాలు పెడితే, దాన్ని ముట్టుకోలేదు.

బస్సులో అడిగాను, అంతసేపు ఎందుకు పట్టిందని. "రెండూ నిజమైనవేనా అని సూసినాను. నిజమైనవే. నన్ను ఎల్లనిచ్చీవోడే ఆడు," అంది. తర్వాత టెక్కలి దాకా కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది. కోటబొమ్మాళి స్టాపు దాటిపోయిందని ముగ్గురిలో ఒక్కరమూ చూసుకోలేదు.

త్రినాథ్


శ్రీకాకుళం,
16 డిసెంబరు 2025

ఈశ్వరికి,

ఈ ఉత్తరం నీ పేరునే రాస్తున్నాను. త్రినాథ్ విప్పకూడదు. సోములు తెచ్చి నీ చేతికిస్తాడు.

ఇరవై రెండేళ్లలో నీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. గొప్పదానివని రాద్దామనుకున్నాను. రాసి చూసుకుంటే పిల్లల నోటు పుస్తకం మీద నేను రాసే "వెరీ గుడ్" లాగా ఉంది, కొట్టేశాను. నీకు మార్కులు వెయ్యడానికి నేనెవరిని? నేను నీ దగ్గర కొత్తగా చేరిన విద్యార్థిని. కన్ను బాగుపడ్డాక నేను చదివిన మొదటి ఉత్తరం మీ ఆయనది. అందులో నిన్ను చూశాను.

పెళ్లయ్యాక మీ అమ్మగారింట్లో నువ్వు వరుసగా రెండు రాత్రులు మించి పడుకోలేదని నాకు లెక్క తెలుసు, ఎందుకో కూడా తెలుసు. అందుకని ఇవి రాస్తున్నాను.

ఒకటి. కోతలయ్యాక నేను వచ్చి నెల రోజులు సోములుతో ఉంటాను. గంజి కాస్తాను, రెండు చూపిస్తాను, ఆగుతాను. నువ్వు మీ అమ్మగారింటికి వెళ్లు.

రెండు. నువ్వెక్కడికీ వెళ్లకు. నేనే వచ్చి నీ దగ్గర ఉంటాను, నువ్వు చెప్పిన పని చేస్తాను.

రెండూ నిజమైనవే. ఏది ముట్టుకున్నా సోములుచేత కబురు పెట్టు. తొందర లేదు. నేను ఆగుతాను.

నీ ఒదిన,
పద్మ

మరిచిపోయాను. నేను వచ్చినప్పుడు నీ ముందు కూడా టీ, గంజి పెడతాను. నీకేది ఇష్టమో నాకు తెలియాలి.